మూడు గుడిసెలు, నాలుగో మనిషి

సింగపూర్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ ఎక్కడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అందులో ఐదు నిమిషాలు, నా బిస్కెట్ పాకెట్ ఎవరిదన్న విషయంలో ఒక కోతితో జరిగిన చర్చకే పోయాయి. అలాంటి ఊళ్ళో కూర్చుని న్యూజిలాండ్ కొండల్లో నాలుగు రోజుల నడకకు ప్లాన్ వేయడం, బకెట్టు ముందు కూర్చుని ఈత నేర్చుకోవడం లాంటిది.

అయినా వేశాను. ఆరు నెలలు వేశాను. అసలు ఈ నడక నా కోసం కాదు, మా అక్క కోసం.

అక్కకు ముప్పై తొమ్మిదేళ్ళు. కాలేజీలో ఉండగా హిమాలయాల్లో ట్రెక్‌కి ఎంపికైంది. బయల్దేరే వారం మా నాన్నకు జ్వరం వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. ట్రెక్ కూడా ఆ నాలుగు రోజుల్లోనే వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆమె సర్దిపెట్టుకున్న సంచీలోంచి చాక్లెట్లు తీసి తిన్నది నేనే కాబట్టి ఈ వ్యవహారంలో నా నేరచరిత్ర పాతది. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పాప, సింగపూర్ టాంపినీస్‌లో ఫ్లాట్, అందులో ఓ గదిలో నేను. ఏటా "వచ్చే ఏడు వెళ్దాంలే" అంటూ వచ్చింది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో బాధ కూడా ఉండదు, వచ్చేటప్పుడు పాల పాకెట్ తెమ్మన్నట్టే అంటుంది. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆ డిసెంబరుకు మాత్రం అన్నీ కలిసొచ్చాయి. బావ పనిచేసే బ్యాంకులో డిసెంబరు నెలంతా సాఫ్ట్‌వేర్ జోలికి ఎవరూ పోకూడదని నియమం, కాబట్టి సెలవు దొరుకుతుంది. బావ వాళ్ళమ్మగారు బాపట్ల నుంచి వచ్చి ఉన్నారు. ఆవిణ్ణి నేను అత్తయ్యగారూ అంటాను. పాపను ఆవిడ చూసుకుంటారు. జనవరిలో ఆవిడ పూణేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతారు. ఇక పై ఏడాది పాపకు ఆరో తరగతి పరీక్ష. సింగపూర్‌లో ఆ పరీక్ష పిల్లలు రాస్తారు, చదివేది మాత్రం ఇల్లంతా. ఆ ఏడాది కొండలు కాదు కదా, రిమోట్ కూడా కదలదు. అంటే డిసెంబరు మొదటి రెండు వారాలు తప్పితే అక్క మళ్ళీ "వచ్చే ఏడు" అనాల్సిందే.

ఆ దారిలో మూడు రాత్రులు, మూడు హట్లు. ఒక్కో హట్‌లో కొన్ని పడకలే ఉంటాయి, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మూడూ వరసగా దొరకాలి. మధ్యది దొరక్కపోతే మిగతా రెండూ ఉన్నా లాభం లేదు.

ఇదంతా భోజనాల దగ్గర అత్తయ్యగారికి వివరించాను.

"హట్ అంటే ఏంటి నాయనా?"

"కొండమీద చిన్న చెక్క ఇల్లండీ. మంచాలుంటాయి, నీళ్ళుంటాయి. వంట మాత్రం మనమే చేసుకోవాలి."

"అంటే గుడిసె."

"అంటే... ఆ, గుడిసే."

"ఇంత మంచి ఫ్లాటు పెట్టుకుని, గుడిసెలో పడుకోడానికి విమానం ఎక్కుతారా?"

నేను మరో గరిటెడు పప్పు వేసుకున్నాను.

అక్క మాత్రం మాటలు కట్టిపెట్టి మెట్లెక్కడం మొదలుపెట్టింది. మా బ్లాకుకు పద్నాలుగు అంతస్తులు. ఆఫీసు నుంచి రాగానే సంచీలో పది కిలోల సోనా మసూరి బియ్యం వేసుకుని, కింది నుంచి పైకి నాలుగుసార్లు ఎక్కేది. ఆరో అంతస్తు చైనీస్ అంకుల్ మొదటి రోజు తలుపు తీసి చూశాడు.

"లిఫ్ట్ స్పాయిల్ ఆ?"

"నో అంకుల్, ఎక్సర్‌సైజ్."

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో వారానికి ఆయన నమ్మకం కోల్పోయి లిఫ్ట్ బాగుచేసేవాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చి, బాగానే ఉన్న లిఫ్టును ఒక పూటంతా ఆపి పరీక్షించి వెళ్ళారు. ఆ పూట బ్లాకంతా మెట్లెక్కింది, కాకపోతే బియ్యం లేకుండా.

నేను స్ప్రెడ్‌షీట్ చేశాను. రోజువారీ నడక ఒక పేజీ, సంచీ బరువు ఒక పేజీ, ఎవరు ఏం మోయాలి అన్నది ఇంకో పేజీ. ఉప్మా రవ్వ వేయించి తీసుకెళ్ళాలా, వేయించకుండానా అన్నదానిపై అక్కా బావా నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. పోనీలే, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

ఏప్రిల్ చివర అత్తయ్యగారు అడిగారు. "ఎంతమంది వెళ్తున్నారు నాయనా?"

"ముగ్గురమండీ. అక్క, బావ, నేను."

ఆవిడ గరిట పెరుగు గిన్నెలో ఆగింది. "ముగ్గురా? ముగ్గురు కలిసి పనిమీద బయల్దేరకూడదు కదా. ఇద్దరెళ్ళండి, నలుగురెళ్ళండి. ముగ్గురెందుకు?"

ఇది మీ ఇంట్లోనూ ఉంటుంది. పెళ్ళిచూపులకు ముగ్గురు వెళ్ళరు, ఇల్లు చూడ్డానికి ముగ్గురు వెళ్ళరు. ఎందుకు వెళ్ళరని అడిగితే ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కాబట్టి వాదించడానికీ ఏమీ ఉండదు. నేను నవ్వేశాను. నవ్వు ఆపి చూస్తే బావ ప్లేటులోకి చూస్తున్నాడు.

"అమ్మ అంటోంది కదా," అన్నాడు బావ. "పోనీ నాలుగోవాణ్ణి చూద్దాం. ఖర్చేముంది?"

"నేను ఆగిపోనా మరి? ఇద్దరే అవుతారు," అన్నాను.

"ఆ క్యాంపు స్టవ్ వెలిగించడం నీకొక్కడికే వచ్చు. నోర్మూసుకో," అంది అక్క.

అలా నాలుగో మనిషి వేట మొదలైంది. తెలిసిన వాళ్ళందర్నీ అడిగాం. అందరూ "చూద్దాం" అన్నారు. మనవాళ్ళు ఆ మాట అన్నారంటే ఇక వాళ్ళు ఫోన్ కూడా చూడరు. చివరికి బావ టీములో పనిచేసే వరంగల్ కుర్రాడు దొరికాడు. సింగపూర్ అవతలి కొసన యూ టీ అనే పేటలో నలుగురితో కలిసి ఉంటాడు. బావ వాడికి పైవాడు కాబట్టి కాదనలేడు. అంతకు మించి వాడికి కొండలతో ఏ సంబంధమూ లేదు. పాస్‌పోర్టు వివరాల కోసం నేను ఫోన్ చేశాను.

"వస్త అన్నా, ఎందుకు రాను. గానీ ఆడ బాత్రూముల వేడి నీళ్ళొస్తయా?"

"బాత్రూమే లేదు తమ్ముడూ."

"వైఫై?"

"లేదు."

"మరి నాలుగు దినాలు ఏం జేస్తరన్నా?"

"నడుస్తాం."

"నడిచి?"

"ఇంకో హట్‌కి పోతాం."

"ఆడుంటదా వైఫై?"

వాడు రాడని నాకు అప్పుడే తెలిసింది. వాడికీ తెలుసు. అయినా స్ప్రెడ్‌షీట్‌లో నాలుగో గడి పెట్టి వాడి పేరు రాశాను. ఒక పెద్దావిడ మనశ్శాంతి కోసం, రాని మనిషికి మూడు కొండల మీద మంచాలు వెతకడం నా పని అయింది.

బుకింగ్ తెరిచేది జూన్‌లో, వాళ్ళ పొద్దున తొమ్మిదిన్నరకు. మనకు తెల్లవారుజామున ఐదున్నర. ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర మూడు లాప్‌టాప్‌లతో కూర్చున్నాం. అక్క తలస్నానం చేసి వచ్చింది. ఇంటర్వ్యూకి కూడా ఆమె అంత శ్రద్ధగా తయారవడం నేను చూడలేదు. సైట్ తెరవగానే క్యూలో పడేశారు. నా లాప్‌టాప్‌కు ముందు వంతు వచ్చింది. నలుగురు అని కొట్టాను. మొదటి హట్ ఉంది, మూడోది ఉంది. రెండోదాంట్లో మూడు పడకలే ఉన్నాయి.

"ముగ్గురికి పెట్టెయ్," అంది అక్క.

"ఒక్క నిమిషం, అమ్మకి ఓ మాట చెప్పి వస్తా," అని బావ లేచాడు.

అత్తయ్యగారు దేవుడి అలమర ముందు ఉన్నారు. పూజలో ఉండగా పలకరిస్తే ఆవిడ పలకరు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. బావ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంట మోగింది. బావ కళ్ళు మూసుకున్నాడు. నేను తెర చూస్తున్నాను. మూడు.

"ఒరేయ్," అంది అక్క.

"హారతి దాకా వచ్చారు, ఇంకెంతసేపు," అన్నాను నేను. "దేవుడు కూడా క్యూలోనే ఉన్నట్టున్నాడు."

ఆ జోకు నాకు ఇప్పటికీ గుర్తుంది. బాగానే ఉంది జోకు. మౌస్ నా చేతిలో ఉంది. మూడు అని నొక్కడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు. కానీ నొక్కితే రేపు ఆవిడ మొహం చిన్నబుచ్చుకున్నప్పుడు అది నేను చేసిన పని అవుతుంది. ఆగితే బావ చేసిన ఆలస్యం అవుతుంది. నేను ఆగాను. హారతి పళ్ళెం మా దగ్గరికి వచ్చేసరికి రెండో హట్‌లో ఒకటే మిగిలింది. అందరం హారతి కళ్ళకద్దుకున్నాం. మళ్ళీ చూస్తే అదీ లేదు. అక్కకు కుదిరే రెండు వారాల్లో ఏ తేదీకీ లేదు.

బావ విషయం చెప్పాడు. అత్తయ్యగారు పళ్ళెం కింద పెట్టారు.

"అయ్యో, దానికేముందిరా! ముగ్గురు వెళ్ళక తప్పనప్పుడు ఒక రాయి జేబులో వేసుకుంటారు, నాలుగోది అయిపోతుంది. మీ నాన్నా వాళ్ళూ అలాగేగా వెళ్ళేవాళ్ళు. నన్నెవరూ అడగలేదేం?"

మేం వెళ్ళాలనుకున్నది కొండలకు. అక్కడ ఉండేవే రాళ్ళు. దానికి బదులు నేను రెండు నెలలు యూ టీ నుంచి ఒక మనిషిని మోసుకెళ్ళాలని చూశాను.

నేను అరిచాను. ఎవరి మీదో తెలియదు, బహుశా స్ప్రెడ్‌షీట్ మీద. బావ "సారీ" అన్నాడు, ఎవరికో తెలియదు. అక్క లాప్‌టాప్ మూసి, పాప టిఫిన్‌కి దోసెలు పోసింది. పాప నిద్రమొహంతో వచ్చి "అమ్మా, గాట్ ఆర్ నాట్?" అని ఇక్కడి ఇంగ్లీషులో, దొరికిందా లేదా అని అడిగింది.

"నాట్," అంది అక్క. "వచ్చే ఏడు చూద్దాం."

'వచ్చే ఏడు', 'చూద్దాం', ఆ రెండు మాటలూ ఒకేసారి ఆమె నోట నేను మొదటిసారి విన్నాను.

కానీ ఆ సాయంత్రం కూడా ఆమె బియ్యం వేసుకుని మెట్లెక్కింది. మర్నాడూ ఎక్కింది. "ఎందుకిక? బియ్యం పిండి అయిపోతుంది," అన్నాను. ఆమె నన్ను దాటుకుని ఏడో అంతస్తు వైపు వెళ్ళిపోయింది. నా జోకులకు సాధారణంగా కనీసం తిట్టయినా దక్కుతుంది.

ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ పడకలు మళ్ళీ సైట్‌లోకి వస్తాయి. జూలై, ఆగస్టు రోజూ చూశాను. పళ్ళు తోముకుంటూ చూశాను, మీటింగుల్లో చూశాను, హాకర్ సెంటర్‌లో భోజనం క్యూలో నిలబడి చూశాను. మొదటిది వస్తే మూడోది రాదు, మూడూ వస్తే తేదీలు కలవవు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మూడు హట్లూ వరసగా పచ్చగా కనబడ్డాయి. డిసెంబరు మొదటి వారం. ఒక్కోదాంట్లో ఒక్క పడక.

నొక్కితే పది నిమిషాలు మన పేర ఆపుతుంది. నొక్కి అక్కకు ఫోన్ చేశాను. ఆమె ట్రైన్‌లో ఉంది.

"దొరికింది. కానీ ఒక్కటే."

వెనకాల ట్రైన్ తలుపులు మూసుకునే చప్పుడు. "తేదీలు అవేనా?"

"అవే. బావని అడిగి..."

"నేను అడగమన్నానా?"

"కాదు, ఒక్కదానివే అంటే..."

"ఒరేయ్, నొక్కు."

పేరు, వయసు, పాస్‌పోర్టు అన్నీ నా దగ్గరే ఉన్నాయి, కొట్టుకుంటూ పోయాను. స్ప్రెడ్‌షీట్‌లో మిగతా ముగ్గురి గడులూ నన్నే చూస్తున్నాయి. ఉక్రోషంగా ఉంది, దాచడమెందుకు. దారిలో ప్రతి మలుపూ నాకే తెలుసు. ఫారంలో ఆఖరి గడి దగ్గర ఆగాను.

"ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో అడుగుతున్నారు. బావ నంబర్ ఇవ్వనా?"

"ఆయన కంగారు పడతారు. నీది ఇవ్వు."

"నేను జోకులేస్తానేమో."

"వేసుకో. ముందు ఫోనెత్తు."

నా నంబర్ కొట్టి, రెండుసార్లు సరిచూసుకుని నొక్కాను. "అయిందా?" అంది. అయిందన్నాను. "సరే, స్టేషన్ వచ్చింది," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం స్టవ్ బయటికి తీసి, వెలిగించడం ఆమెకు నేర్పాను. రెండో ప్రయత్నంలోనే వెలిగింది. మరీ అంత తేలిగ్గా వెలగకుండా ఉండాల్సింది. బావ పక్కన నిలబడి "ఒక్కదానివేనా?" అని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగబోతుంటే అత్తయ్యగారు, "ఆ నాలుగు రోజులూ పాప టిఫిన్ నువ్వు చెయ్యాలి. ఇవాళ్టి నుంచి నేర్చుకో," అని బావను వంటింట్లోకి పిలిచారు.

డిసెంబరులో ఆ నాలుగు రోజులకు నేనూ సెలవు పెట్టాను. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. కొండమీద ఆమె ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. కనీసం నాదానికైనా ఉండాలి.