మా ఇంట్లో మాత్రమే ఆగే కరెంటు

మా తమ్ముణ్ణి వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. టెస్టరు అంటారు. చొక్కా జేబులో పెన్ను బదులు టెస్టరు పెట్టుకుని తిరిగే మనిషిని ఇంకేమంటారు? ఫ్యాను తిరక్కపోయినా, మోటారు మొరాయించినా, స్విచ్చు ముట్టుకుంటే జిల్లుమన్నా వాడికే కబురు వస్తుంది. ఊళ్లో అందరి ఇళ్లకూ కొత్త బోర్డులు బిగిస్తాడు. మా వరండాలో మాత్రం మా నాన్న కాలం నాటి పింగాణీ ఫ్యూజే ఉండేది. మార్చరా బాబూ అంటే "చూద్దాంలే అక్కా" అనేవాడు. వాడి "చూద్దాంలే" వింటూనే నా జుట్టు నెరిసింది.

నేను ఇస్త్రీ చేస్తాను. ముందు గదిలో బల్ల, దాని మీద దుప్పటి, బరువైన కరెంటు ఇస్త్రీపెట్టె. సోమవారం పొద్దున్నే అందరికీ చొక్కాలు కావాలి కాబట్టి ఆదివారం మధ్యాహ్నం నాకు చేతినిండా పని. బల్లకి ఎదురుగానే టీవీ. అందుకే జరిగిన భాగోతమంతా నా కళ్లముందే జరిగింది.

ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చుని పిల్లల సినిమా చూసే అలవాటు మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, పెట్టింది. ఒక ఛానల్ వాళ్లు ప్రతి ఆదివారం ఏదో ఒకటి వేస్తారు. ఆవిడ చాప పరిచి, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏడవాల్సిన చోట భోరున ఏడ్చి, నవ్వాల్సిన చోట పకపకా నవ్వేది. సినిమా అయిపోగానే టీవీ కట్టేసి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఆ తర్వాత ఏమైంది?" అని పిల్లని అడిగేది. ఇక అది అల్లడం మొదలుపెట్టేది. ఏనుగులు వచ్చేవి, మబ్బులకి మెట్లు కట్టేవాళ్లు, సముద్రానికి జలుబు చేసేది. నేను ఇస్త్రీ ఆపి మరీ వినేదాన్ని. దాన్ని పిడుగు అని ఊరికే పిలవలేదు మేము.

తర్వాత మా మరదలికి జబ్బు చేసింది. ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పిడుగుకి అప్పుడు ఏడేళ్లు. దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. "అమ్మ ఇంక రాదమ్మా" అని మాత్రం చెప్పి, మా తమ్ముడు గోడవైపు తిరిగిపోయాడు. అది ఏడవలేదు, ఏమీ అడగలేదు. గలగలా వాగే పిల్ల కాస్తా ఉలుకూ పలుకూ లేకుండా తయారైంది. కథలు పూర్తిగా ఆగిపోయాయి. ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టింది. ఆదివారం సినిమా చూడాల్సిందే, ముగ్గురం కూర్చోవాల్సిందే.

అక్కడ మొదలైంది మా తమ్ముడి ఘనకార్యం.

ఆ పిల్లల సినిమాలు తీసేవాళ్లకి ఏం పోయేకాలమో గానీ, ప్రతి దాంట్లోనూ ఎవరో ఒకరు చనిపోతారు. అమ్మో, తాతో, ఎవరూ దొరక్కపోతే కుక్కో. మొదటి ఆదివారం ఒక పడవ తాత కథ వచ్చింది. మనవణ్ణి ఎక్కించుకుని నది మీద తిరుగుతుంటాడు. హాయిగా సాగుతోంది. సగం అయ్యేసరికి తాత దగ్గాడు. సినిమాలో ఎవరైనా దగ్గారంటే తర్వాత ఏం జరుగుతుందో మనకు తెలియనిదా? మా తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నీళ్లు తాగొస్తా" అని లేచాడు. వాడలా వెళ్లాడో లేదో, ఠక్కున కరెంటు ఆగింది. టీవీ ఆగింది, ఫ్యాను ఆగింది, నా ఇస్త్రీపెట్టె చల్లారింది.

వరండాలోకి వెళ్లి చూద్దును కదా, పెద్దమనిషి ఫ్యూజు చేతిలో పట్టుకుని, పక్కింటి గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. పక్కింటి ముసలాయనకి చెవుడు. టీవీ వీధి చివరిదాకా వినిపించేలా పెట్టుకుంటాడు. అక్కడ అదే సినిమా నడుస్తోంది. అందులో ఏడుపు పాట అయిపోయేదాకా విని, అప్పుడు ఫ్యూజు పెట్టాడు మావాడు.

"ఏంట్రా ఈ వేషాలు?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"మెల్లిగా మాట్లాడక్కా. అదంతా చూస్తే తట్టుకోలేదు."

"ఎవరు? అదా, నువ్వా?"

వాడు నీళ్లు తాగొచ్చినట్టు మూతి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇక ప్రతి ఆదివారం ఇదే తంతు. తెర మీద దగ్గు వినిపిస్తే చాలు, మావాడికి దాహం వేసేది. చొక్కాలు సగం నలిగి సగం నునుపై నా పరువు తీసేవి. ఇది మంచి పని కాదురా అని చెప్పాను, అరిచాను, కొన్నాళ్లు మాట్లాడటం కూడా మానేశాను. "చూద్దాంలే అక్కా" అన్నాడు.

పిడుగు మాత్రం గొడవ చేసేది కాదు. కరెంటు ఆగగానే బిగుసుకుపోయి కూర్చునేది. మళ్లీ వచ్చాక తెర వంక వెతుకుతున్నట్టు చూసేది. తాత ఉండడు. మనవడు ఒక్కడే పడవ నడుపుతుంటాడు. ఒకసారి నన్ను అడిగింది.

"అత్తా, పక్కింట్లో టీవీ ఆగలేదుగా. మన ఇంట్లోనే ఎందుకు ఆగుతుంది?"

"వెళ్లి మీ నాన్ననే అడుగు" అన్నాను.

అది అడగలేదు. ఆ చిన్ని బుర్రలో ఏం కూడికలు జరుగుతున్నాయో నాకూ తట్టలేదు.

ఒకరోజు మా తమ్ముడు ఊరి చివర కొత్తగా కట్టిన అంతస్తుల దుకాణానికి పైన పేరు బోర్డు లైట్లు బిగించడానికి వెళ్లాడు. మధ్యాహ్నం నుంచే గాలి లేచింది. సాయంత్రానికి మబ్బు కమ్మేసింది. పిడుగు నా బల్ల పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పెళపెళమని ఉరిమింది, వీధంతా చీకటైపోయింది.

పిల్ల చేతిలో పెన్సిలు జారిపోయింది. "నాన్న ఎక్కడున్నాడు?"

"పనికెళ్లాడుగా, వచ్చేస్తాడు" అంటూ కొవ్వొత్తి కోసం వంటగదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది అక్కడ లేదు. వెనక గదిలో ఉందేమో అనుకుని అక్కడ వెతికాను. లేదు.

ఇంతలో వీధిలో లైట్లు వచ్చాయి. పక్కింటి టీవీ బొబ్బలు పెట్టింది. మా ఇల్లొక్కటే చీకటి. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చేశాడన్నమాట మహానుభావుడు, ఆదివారం చాలక ఇప్పుడు మామూలు రోజుల్లో కూడానా అనుకుంటూ విసురుగా వరండాలోకి వెళ్లాను. వీధి లైటు మసక వెలుతురులో చూస్తే, మీటరు కింద స్టూలు వేసి ఉంది. స్టూలు పక్కన నేల మీద, మోకాళ్లు ముడుచుకుని, మా పిడుగు. దాని రెండు చేతుల మధ్య పింగాణీ ఫ్యూజు.

"అయ్యయ్యో, అది ముట్టుకోవచ్చా? ప్రాణాల మీదకి తెచ్చుకుంటావా?"

"మెయిను దించే తీశాను" అంది. చూస్తే నిజమే. ఎంతైనా టెస్టరు కూతురు.

"సరే, ఇలా ఇవ్వు."

"ఇవ్వను. నాన్న వచ్చేదాకా ఇవ్వను."

"ఎందుకే తల్లీ?"

"కరెంటు ఆగితే ఎవరో చనిపోతారు అత్తా. మళ్లీ వచ్చేసరికి వాళ్లు ఉండరు. పడవ తాత లేడు. ఆ గుడ్డి కుక్క లేదు. రాకుమారుడి వాళ్లమ్మ లేదు. ఇప్పుడు నాన్న పైకెక్కి ఉన్నాడు, కరెంటు ఆగింది." అది ఫ్యూజుని ఇంకా గట్టిగా పట్టుకుంది. "కరెంటు రాకపోతే మాత్రం ఇంకా ఉన్నట్టేగా?"

తండ్రేమో చావు కనపడకుండా దాచేశానని సంబరపడ్డాడు. పిల్లేమో ఆ చీకటి కాసేపట్లోనే చావు ఎలా వస్తుందో సొంతంగా కనిపెట్టేసింది. కథలు ఆగిపోయాయని బాధపడ్డాం గానీ, ఆగలేదు. ఇంత ఘోరమైన కథ ఒక్కటే లోపల అల్లుకుంటూ కూర్చుంది.

"ఒసేయ్ పిచ్చిమొహమా, ఆదివారాలు ఆ ఫ్యూజు పీకేది మీ నాన్నే" అన్నాను.

"నాన్న అలా చెయ్యడు" అంది, నన్నే అబద్ధాలకోరుని చేస్తూ.

వాడికి ఫోను చేశాను. ఎత్తలేదు. పైకెక్కేటప్పుడు ఫోను కింద సంచిలో పడేస్తాడని నాకు తెలుసు. తెలిసినా మళ్లీ మళ్లీ చేశాను. బయట మెరుపులు. ఆ ఫ్యూజు లాక్కుని బిగించడం నాకెంత పని? కానీ బిగించాక వాడు రాకపోతే? నిజం చెబుతున్నాను, అంత వయసొచ్చిన నాకు కూడా ఆ కాసేపు ఆ ఫ్యూజు పెట్టడానికి భయం వేసింది. వచ్చి పిల్ల పక్కన కూలబడ్డాను. వాడు క్షేమంగా ఇంటికి రానీ, చెవి మెలిపెట్టి వదలకపోతే అడుగు అనుకున్నాను.

చాలాసేపటికి బండి చప్పుడు వినిపించింది. వీధంతా వెలుగుతూ తన ఇల్లొక్కటే చీకటిగా ఉండటం చూసి, బండికి స్టాండు కూడా వెయ్యకుండా పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! పిల్లేదీ?"

ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. "ఇక్కడే ఉంది. రా, వచ్చి నీ పనితనం చూసుకో."

పిడుగు ఆ మసక చీకట్లోనే తండ్రిని తడిమింది. తడిసిన చొక్కా, జేబులో టెస్టరు. "నాన్నే" అంది. అయినా ఫ్యూజు ఇవ్వలేదు. "ఇప్పుడు పెట్టేస్తే నువ్వు ఉండవేమో" అని వెనక్కి దాచుకుంది.

జరిగింది నేను చెప్పాను. మెత్తగా చెప్పలేదు. వాడు తడి బట్టలతోనే నేల మీద చతికిలబడ్డాడు.

"నేనే పీకేవాణ్ణమ్మా" అన్నాడు చివరికి. "ఎవరో చనిపోతారని కరెంటు ఆగదు. నేనే ఇక్కడికొచ్చి పీకేవాణ్ణి. నువ్వు చూడకూడదని..." ఒకసారి నా వైపు చూశాడు. "కాదు. నేను చూడలేక."

అప్పుడు రావాలి పిడుగుకి కోపం! ఎన్నాళ్లకి వచ్చిందో! "అయితే పడవ తాత ఏమయ్యాడు?"

"చనిపోయాడు."

"ఎలా?"

"నేనూ చూడలేదమ్మా. గోడకి చెవిపెట్టి విన్నాను. మనవణ్ణి పిలిచి, తెడ్డు జాగ్రత్తరా అన్నాడు. తర్వాత పాట వచ్చింది."

"కుక్క?"

"అదీ అంతే. ఎండలో పడుకుని, లేవలేదు."

ప్లీడరులా నిలదీసింది. ఒక్కటీ వదల్లేదు. వాడు ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. అన్నీ అయ్యాక దాని గొంతు చిన్నదైపోయింది. "మరి అమ్మ?"

అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ అడగని మాట అది. వాడు చెప్పాడు. పొద్దుటిపూట, కిటికీ పక్క మంచం. "ఈ ఆదివారం ఏం సినిమా అని అడిగింది. నాకు తెలియదన్నాను. పిడుగుని అడిగి చెప్పు అంది. తర్వాత కళ్లు మూసుకుంది. నిద్రపోతోందనుకున్నాను. డాక్టరు వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదమ్మా."

"అప్పుడు కరెంటు ఆగిందా?"

"లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయట ఎవరో నవ్వుతున్నారు కూడా. అన్నీ మామూలుగానే ఉన్నాయి."

పిల్ల ఏడ్చింది. అచ్చం వాళ్లమ్మలాగే, భోరుమని. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను ఆపలేదు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు వింటుంటే నా మనసెంత తేలికపడిందో చెప్పలేను.

అలిసిపోయాక అది ముక్కు తుడుచుకుని ఫ్యూజు తండ్రి చేతిలో పెట్టింది. ఇంకో చేత్తో వాడి చొక్కా అంచు బిగించి పట్టుకుంది. వాడు ఫ్యూజు పెట్టి, మెయిను ఎత్తాడు. ఇల్లంతా వెలిగింది. అది గట్టిగా మూసుకున్న కళ్లు మెల్లగా తెరిచింది.

"ఉన్నావు" అంది.

"ఉన్నాను" అన్నాడు వాడు.

అంతలో ముందు గదిలోంచి మాడు వాసన. ఇస్త్రీపెట్టె సంగతే మరిచిపోయాను! పరుగెత్తేసరికి ఎవరిదో తెల్ల చొక్కా చెయ్యి ఒకటి గోధుమరంగుకి తిరిగింది. జీవితంలో మొదటిసారి చొక్కా మాడ్చినందుకు నాకు బాధ కలగలేదు.

ఆ వారంలోనే వరండాలో పింగాణీ ఫ్యూజు తీసేసి కొత్త బోర్డు బిగించాడు. "చూద్దాంలే" అనలేదు.

ఆదివారం వచ్చింది. ఆ ఛానల్ వాళ్లు వేసిందే వేస్తారు. మళ్లీ పడవ తాత కథే. "ఈసారి మొత్తం చూడాలి" అని పిడుగు తండ్రి పక్కన చేరింది. సగం అయ్యేసరికి తాత దగ్గాడు. మా తమ్ముడి మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి.

"కూర్చో నాన్నా" అంది అది, చెయ్యి పట్టుకుని. కూర్చున్నాడు. తాత మంచం పట్టాడు. మనవణ్ణి దగ్గరికి పిలిచాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు.

ఠక్. కరెంటు ఆగింది.

"నాన్నా!" అని అరిచింది పిడుగు.

"నేను కాదే తల్లీ! ఇక్కడే ఉన్నానుగా!" అని రెండు చేతులూ పైకెత్తాడు వాడు, పోలీసులకి దొరికిపోయినట్టు. గోడ అవతల పక్కింటి ముసలాయన ఎవరినో తిట్టడం వినిపించింది. వాళ్లకీ లేదు, వీధికీ లేదు.

నేను పిల్ల మొహం చూశాను. అది వాడిని చూసింది, నన్ను చూసింది, పైకెత్తిన ఆ చేతుల్ని మళ్లీ చూసింది. పకపకా నవ్వేసింది. ఆ నవ్వు విని ఎంత కాలమైందో!

మా తమ్ముడు చేతులు దించాడు. "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు. "ఆ తర్వాత ఏమైంది?"

మా మరదలి మాట అది. వాడి నోట అంతకుముందెప్పుడూ వినలేదు.

పిడుగు తండ్రి ఒళ్లోకి జరిగింది. "తాత చనిపోయాడు" అంది. "తెడ్డు జాగ్రత్తరా అని చెప్పి చనిపోయాడు. మనవడు చాలా ఏడ్చాడు. ఏడుస్తూ తెడ్డు వెయ్యడం మరిచిపోయాడు. పడవ తనంతట తానే గుండ్రంగా తిరిగింది. తర్వాత వాడికి ఆకలేసింది. ఒడ్డుకి వచ్చాడు. ఒడ్డు మీద ఒక ఏనుగు నిలబడి ఉంది. బాబూ, నన్ను అవతలికి దించుతావా, నాకు ఈత రాదు అంది."

"ఏనుగుని ఎక్కిస్తే పడవ మునగదూ?" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

"ఆగత్తా, చెబుతున్నాగా."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, టీవీ గట్టిగా మోగింది. సినిమా ఎక్కడికో వెళ్లిపోయింది. అది తెర వైపు తల కూడా తిప్పలేదు.

"నాన్నా, టీవీ కట్టెయ్యి. ఏనుగు ఇంకా పడవ ఎక్కలేదు."