చెల్లి వలలో కృష్ణ పదార్థం

“సెయ్యి కదపకే అక్కా, బొమ్మ ఆగిపోతాది!” అని చెల్లి అరిచింది. కళింగపట్నంలో మా డాబా మీద సిగ్నల్ దొరికేది ఒక్క మూలే. అక్కడ ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. భుజం లాగేస్తోంది. ఫోన్‌లో చెల్లితో పనిచేసే దొరలు, మనవాళ్ళు, అంతా ఇంగ్లీషే. నాకు అర్థమయ్యేది చెల్లి మొహం ఒక్కటే.

మెట్ల మీద నాన్న తెగిన వల అల్లుకుంటున్నాడు. సెలవులకి చెల్లి వచ్చిన రోజే తేల్చి చెప్పేశాడు: “ఈపాలీ ఏటీ దొరక్కపోతే ఆ పరిశోధన మానీ. విజయనగరం కాలేజీలో పాఠాలు సెప్పుకో.”

చెల్లి వెతికేది కృష్ణ పదార్థం. లోకమంతా ఉందట, కంటికి మాత్రం కనబడదట. ఇన్నాళ్ళూ ఎక్కువమంది అది బరువైనదనుకుని వెతికారు. “పెద్ద కన్ను వలకి కవ్వల్లాంటి సిన్న సేపలు పడతాయేటే? తేలికదైతే అలాగే జారిపోయుంటాది,” అని నాకు చెప్పింది. అందుకని న్యూట్రినోలనే చిన్న కణాల్ని పట్టే పెద్ద నూనె తొట్టెనే వల చేసుకున్నారు. దూరదేశంలో ప్రోటాన్లనే కణాల్ని ఇనప దిమ్మకేసి కొడతారు, ఆ దెబ్బకి కృష్ణ పదార్థం పుడుతుందేమోనని, న్యూట్రినోలు మాత్రం తక్కువ పుట్టేలా. ఎందుకంటే అవీ తొట్టెలో అలాగే మెరుస్తాయి, ఏ మెరుపు దేనిదో తెలియదు. లెక్కకి మించి మెరిస్తే అది కృష్ణ పదార్థం కావచ్చు. లెక్కలన్నీ ఖాయమయ్యేదాకా ఆ మెరుపుల్ని వాళ్ళు కూడా చూడకుండా మూసిపెడతారు. ఆ సాయంత్రమే తెరుస్తున్నారు.

మా దగ్గరా అంతే. ఒడ్డునుంచి అలివి వల లాగేటప్పుడు, చేపలు చేరే సంచి ఒడ్డెక్కేదాకా చేప మాట ఎత్తకూడదు. నేనేమో పొద్దున్నే నాన్నతో, “సూడు, ఈరోజు దొరికేత్తాది,” అనేశాను.

తెర మీద వాళ్ళ లెక్క గీత వచ్చింది. మెరుపుల చుక్కలన్నీ దాని మీదే కూర్చున్నాయి. చెల్లి పెదాలు బిగుసుకున్నాయి.

“ఏటయిందే?” అన్నాను.

“ఏటీ నేదు. ఉన్నవన్నీ న్యూట్రినోలే.”

నాన్న సూది పక్కన పెట్టాడు. “సంచి రాకముందే సేప అంటే ఇంకేటవుతాది! నీ నోరే నోరు!” అని ముందు నా మీద పడ్డాడు. తర్వాత చెల్లితో, “ఇంక సాలమ్మా. కాళీ వల ఎన్నాళ్ళు లాగుతావు?” అన్నాడు.

చెల్లి ఏడవలేదు. “కాళీయే నాన్నా. కానీ మేం ఎతికిన సోట అది నేదని తెలిసింది కదా. ఇంక అందరూ మరో సోట ఎతుకుతారు.”

నా నోరు ఊరుకోదే! నాన్న వైపు తిరిగాను. “నువ్వు కాళీగా వచ్చిన్రోజు మావకి సెప్పవేటి, ‘ఆ దిక్కెళ్ళకు బావా, ఏటీ నేదు’ అని? నువ్వు సెప్పబట్టే కదా మావ ఇంకో దిక్కెళ్తాడు. అలాగని మర్నాడు నువ్వు బోటు తియ్యడం మానేసేవా?”

“బోటూ ఇదీ ఒకటేటే!” అని నాన్న మళ్ళీ సూది అందుకున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. వెళ్ళాలో ఉండాలో తెలియక చెల్లి బ్యాగు సగం సర్ది వదిలేసింది.

మర్నాడు పొద్దున్న నాన్న ఇసకలో వల ఆరబెడుతున్నాడు. చెల్లి పరిశోధనకే తిరిగెళ్ళాలని మిగతా బట్టలు నేనే కుక్కి, జిప్పు లాగి, బ్యాగు నెత్తిన పెట్టుకుని, ఆయన ముందునుంచే నడిచెళ్ళి శ్రీకాకుళం ఆటోలో పెట్టేశాను.