రోడ్డు దాటి చూడని బోర్డు

మెట్టుగూడ మెయిన్ రోడ్డు మీద సగం బోర్డులు పెయింటర్ సదాశివ రాసినవే. మందుల షాపు, ఇస్త్రీ షాపు, రైల్వే క్వార్టర్ల దారిలో పళ్ళ డాక్టరు, చివరికి నేను పనిచేసిన నెట్ సెంటర్ బోర్డు కూడా. రాయడం అయిపోగానే ఆయన నిచ్చెన దిగి, చేతిలో బ్రష్షుతోనే రోడ్డు దాటేవాడు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ ముందు నిలబడి ఒక కన్ను మూసి చూసేవాడు. ఏ అక్షరమైనా ఒరిగినట్టు కనిపిస్తే మళ్ళీ వచ్చి నిచ్చెన ఎక్కేవాడు.

"దగ్గర్నుంచి అన్నీ మంచిగనే కనిపిస్తయి బిడ్డా. చదివేటోళ్ళు రోడ్డు మీద ఉంటరు గదా" అన్నాడు ఒకసారి నాతో.

ఇది 2002 సంగతి. ఇంటర్ మొదటి సంవత్సరంలో చదువు ఆగిపోయాక నేను ఆ నెట్ సెంటర్‌లో చేరాను. ఆరు సిస్టంలు. వచ్చినవాళ్ళ పేరు, టైము రిజిస్టర్‌లో రాసుకుని ఖాళీ సీటు చూపించడం నా పని. మాట్లాడడం నాకు తక్కువ, చూడడం ఎక్కువ. ఎవరు ఉద్యోగానికి బయోడేటా పంపడానికి వచ్చారో, ఎవరు పరీక్ష ఫలితం కోసం వచ్చారో తలుపు తోసే తీరులోనే తెలిసేది.

ఆ ఏడాది మా వైపు ఫ్లెక్సీలు వచ్చాయి. బొమ్మలూ పేర్లూ ఒక్క పూటలో మిషన్ నుంచి దిగుతుంటే సదాశివను పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. మూడు నెలలు చూసి, ఒకరోజు మా దగ్గరికి వచ్చాడు.

"వెబ్‌సైట్ అంటే ఏందమ్మా? అది సుత బోర్డే గదా?"

నేను తల ఊపాను. ఆ రోజు నుంచి రద్దీ లేని మధ్యాహ్నాలు నాలుగో నంబరు సిస్టం ముందు కూర్చుని, పుస్తకం చూసుకుంటూ పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. మౌస్‌ను కూడా బ్రష్షులాగే మూడు వేళ్ళతో పట్టుకునేవాడు.

మొదటి పని అనసూయమ్మగారిది. అనకాపల్లి నుంచి వచ్చి స్థిరపడిన ఆవిడ, ఏ.ఎస్. రావు నగర్‌లో కంప్యూటర్ కోర్సులకు వచ్చే ఆడపిల్లలకు హాస్టల్ నడిపేది.

"ఇంగిలీషు వద్దు బావూ. మా వైపు అమ్మానాన్నలు సదూకోవాలి, తెలుగులో పెట్టు. బాగుంటే కొత్త హాస్టల్ పని కూడా నీకే" అంది.

బాగుండకపోతే సదాశివకు మిగిలింది ఒకటే. వచ్చే ఒకటో తారీకు నుంచి బావమరిది గోడౌన్‌లో వాచ్‌మన్. ఆ మాట ఆయనే చెప్పాడు.

పది రోజులకు పేజీ తయారైంది. ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో పెట్టాడు. బోర్డుల అలవాటు కొద్దీ అడుగున కుడిమూల "సదా ఆర్ట్స్, మెట్టుగూడ" అని చిన్నగా రాసుకున్నాడు. అనసూయమ్మగారిని పిలిచి నాలుగో నంబరు ముందు కూర్చోబెట్టాడు. ఆవిడ పైకి చదివి మురిసిపోయింది. అక్కణ్ణుంచే అనకాపల్లికి ఫోన్ చేసి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చింది.

"ఏటి సదాశివా ఇది? మా మరిది అక్కడ నెట్ సెంటర్‌లో సూసేడంట. గీతలూ సుక్కలూ ఇంగిలీషు ముక్కలూ తప్ప తెలుగన్నదే నేదంట!"

"గట్లెట్లయితదమ్మా? నిన్న మీరే చదివిన్రు గదా!"

"నేను సదివితే సరా? నా హాస్టల్లో నేను సేరతానేటి? శుక్రవారం దాకా సూస్తాను. అవకపోతే అమీర్‌పేట కంప్యూటర్ కుర్రాళ్ళకి ఇచ్చీస్తాను."

ఆవిడ వెళ్ళాక సదాశివ నాలుగో నంబరులో మళ్ళీ తెరిచాడు. పేజీ చక్కగానే ఉంది. "ఏం పరేషాన్ ఇది" అని తల పట్టుకున్నాడు.

నాకు కారణం తెలుసు. పెళ్ళికార్డులు తయారుచేసే ఒకాయన ఆరు నెలల కింద సీడీ తెచ్చుకుని ఆ ఒక్క సిస్టంలోనే తెలుగు ఫాంటు వేసుకున్నాడు. అది లేని సిస్టంలో తెలుగు కనపడదు. ఆ సంగతి సదాశివకు తెలిసే ఉంటుందనుకుని పది రోజులూ చూస్తూ ఊరుకున్నాను. ఇక లేచి వెళ్ళాను.

"అయిదో నంబర్ల తెరువుండ్రి కాకా."

తెరిచాడు. అన్నీ గీతలూ చుక్కలే. చాలాసేపు చూశాడు.

"రోడ్డు దాటలే బిడ్డా. దగ్గర్నే కూసోని మురిసిన."

తెలుగు సైట్లలో చాలావాటికి పైన 'ముందు ఈ ఫాంటు దించుకోండి' అని ఉండేది. మనమూ అలా పెడదామన్నాను.

"బోర్డు చదవనీకి కండ్లద్దాలు గూడ మనమే పంచాల్నా?" అన్నాడు.

సాయంత్రానికి తెల్ల డ్రాయింగ్ షీట్ల మీద నల్లరంగుతో ప్రతి మాటా చేత్తో రాసుకొచ్చాడు. నేను స్కాన్ చేశాను. బొమ్మకు ఫాంటు అక్కర్లేదు. కానీ బొమ్మలు బరువు, మా లైను నెమ్మది. తెర మీద ముందు తలకట్లు కనిపించి, కింది అక్షరాలు ఒక్కో పట్టీగా దిగేవి.

"మేము తలకట్టు ఆఖర్ల పెడతం. ఇది ఉల్టా రాస్తున్నది" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "గింతసేపు ఎవలాగుతరు?" అని సగం మాటలు కొట్టేశాడు. హాస్టల్ పేరు, భోజనం, గేటు మూసే టైము, ఫోన్ నంబరు, కుడిమూల తన పేరు మిగిలాయి. బోర్డు మీద పట్టేన్ని మాటలు.

గురువారం నన్ను పిలిచాడు. "ఇప్పుడు రోడ్డు దాటాలె. నేను పోతే నా కండ్లకు మంచిగనే కనిపిస్తది. జెర నువ్వు పో."

తెలియని చోటికి ఒక్కదాన్నే వెళ్ళి అడగడం నాకు అలవాటు లేదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు మారి తిరుమలగిరి వెళ్ళాను. అక్కడి నెట్ సెంటర్‌లో కౌంటర్ మీదున్నాయన రిజిస్టర్ తెరిచి పేరు అడిగాడు. రెండోసారి అడిగితే గానీ చెప్పలేకపోయాను.

పేజీ తెరిచాను. తలకట్లు వచ్చాయి. ఆగాయి. తర్వాత అక్షరాలు దిగాయి, అన్నీ. చివరిదాకా చూసి, బయట ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

"అన్నీ మంచిగున్నయి కాకా. మీ పేరు సగమే కనిపిస్తున్నది. ఈడ తెర చిన్నది."

అటువైపు మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది.

"అయితే ఎడమ దిక్కుకు జరుపుత. తీసేస్తననుకున్నవా?"

శుక్రవారం అనసూయమ్మగారి మరిది అనకాపల్లిలో పేజీ తెరిచి, మొదటి మాట నుంచి ఫోన్ నంబరు దాకా ఫోన్లోనే ఆవిడకు చదివి వినిపించాడట. కొత్త హాస్టల్ పని సదాశివకే వచ్చింది. ఒకటో తారీకున ఆయన గోడౌన్‌కు పోలేదు, నాలుగో నంబరుకే వచ్చాడు. కూర్చునే ముందు నా టేబుల్ దగ్గర ఆగి, "ఈసారి యాడికి పోతవు?" అని అడిగాడు. తిరుమలగిరికే అన్నాను. అక్కడ నా పేరు తెలుసు కదా.