చిరిగిన కాన్వాసు, భూలక్ష్మి గారి వల

నా సర్వీసులో ఆఖరి బదిలీ మండవల్లి మండలంలో, కొల్లేటి అంచున ఉన్న ఒక హైస్కూలుకు వచ్చింది. జూన్ నెల, బడులు తెరిచిన రెండో వారం. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్ళుంది. హోదా డ్రాయింగ్ మాస్టర్. బడిలో ఈ హోదాకు ఉన్న మర్యాద ఏపాటిదో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోతే మా పీరియడు ఆయనకు పోతుంది. పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారంటే మాత్రం గోడల మీద సూక్తులు రాయడానికి మేం గుర్తొస్తాం. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ అత్తిలిలోనూ ముప్ఫై ఏళ్ళు నేను చేసిన కళాసేవ అదే.

ఆ బడిలో నాకంటే కింది మెట్టు మీద ఉన్న మనిషి ఒక్కరే. కుట్టుపని నేర్పే పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్ భూలక్ష్మి గారు. నలభై ఏళ్ళావిడ, చేపలు పట్టుకుని బతికే కుటుంబం. పార్ట్ టైమ్ వాళ్ళ నియామకం ఏడాదికే. ఏప్రిల్లో అయిపోతుంది. మళ్ళీ తీసుకుంటారో లేదో హెడ్మాస్టరు రిపోర్టూ చేతిలో ఉన్న సర్టిఫికెట్లూ చూసి తేలుస్తారు. ఆవిడ తొమ్మిదేళ్ళుగా ప్రతి వేసవీ ఆ లిస్టు కోసమే ఎదురు చూస్తూ గడిపారు.

నేను వెళ్ళిన మూడో ఏడు ఏలూరులో టీచర్ల చిత్రకళా ప్రదర్శన పెడుతున్నామని సర్క్యులర్ వచ్చింది. అందులో మిశ్రమ మాధ్యమం అని కొత్త విభాగం చేర్చారు. అంటే ఒకే బొమ్మలో రంగు, బొగ్గు, గుడ్డ, దారం ఏవైనా కలపొచ్చు. ఎండాకాలపు కొల్లేరును వెయ్యాలనుకున్నాను. నెర్రెలిచ్చిన మట్టికి యాక్రిలిక్ రంగు, నీడలకు బొగ్గు, చేపల చెరువుల గట్లకు కుట్టు. మొదటి రెండూ నాకు వచ్చు. కుట్టు రాదు. చొక్కా గుండీ ఊడితే మా ఆవిడ ముందు నిలబడే మనిషిని. వెళ్ళి భూలక్ష్మి గారిని అడిగాను.

"కుడతానండీ. కానీ ఒక్క మాట మాస్టారూ. పక్క స్కూల్లో ఒకావిడ, ఇక్కడ నేనూ ఉన్నాం కదండీ. ఈసారి ఇద్దర్లో ఒకర్నే ఉంచుతారంటున్నారండీ. జిల్లా సర్టిఫికెట్టు ఒకటుంటే నన్ను తియ్యరేమోనండీ" అన్నారు.

ఇద్దరి పేర్లూ ఉంటాయని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చాను.

రెండు నెలలు బడి వదిలాక సైన్స్ ల్యాబులో పని చేశాం. చింతపుల్లల్ని మూత డబ్బాలో పెట్టి, అంచులకు మట్టి మెత్తి, నిప్పుల్లో కాల్చి బొగ్గుకడ్డీలు నేనే చేసుకున్నాను. తీరా చూస్తే యాక్రిలిక్ మీద బొగ్గు పట్టదు. ఆ రంగు ఆరాక ప్లాస్టిక్ పొరలా నున్నగా అయిపోతుంది, బొగ్గు జారిపోతుంది. రంగులో సన్నటి ఇసుక కలిపి గరుకు చేస్తే అప్పుడు పట్టింది. కానీ దాని మీద మళ్ళీ బ్రష్షు పెడితే బొగ్గంతా బురద. నీళ్ళు కలిపిన జిగురు చిమ్మి ఆరబెడితే గాని నిలవలేదు. ఇవన్నీ కుదిరి ఆవిడ దబ్బనం పట్టేసరికి ఇంకో పేచీ. ఇసుక కలిపిన రంగు గట్టిపడి ఉంది, పైగా నేను కాన్వాసును చెక్క ఫ్రేముకు బిర్రుగా లాగి కొట్టాను. కొంచెం వదులు చెయ్యమని ఆవిడ రెండుసార్లు చెప్పారు. వినలేదు. మూడో గట్టు దగ్గర దబ్బనం దిగగానే కాన్వాసు జానెడు మేర చిరిగింది.

వెనక నుంచి గుడ్డముక్క అతికిద్దామని నేను జిగురు వెతుకుతున్నాను. తిరిగి చూసేసరికి భూలక్ష్మి గారు కత్తెర పట్టుకుని ఆ చిరుగును ఇంకా పెద్దది చేస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా రెండు నెలల పనిని నాశనం చేస్తున్నారని గట్టిగానే అరిచాను. ఆవిడ కత్తెర ఆపలేదు.

"అంచులు పాడైపోయాయండీ. వల చిరిగినా ఇంతేనండీ. పాడైన కళ్ళు ముందు కోసెయ్యాలండీ. జాలిపడి ఉంచి అల్లామనుకోండి, మళ్ళీ అక్కడే పోతుందండీ" అన్నారు.

మర్నాడు ఇంటి నుంచి వలలు అల్లే వెదురు సూది, నైలాన్ దారం తెచ్చుకున్నారు. కోసిన అంచు చుట్టూ మంచి కాన్వాసులో ముడులు వేసి, ఆ కంతలో వలను అల్లారు. చిన్న కళ్ళతో, అంటే ముడుల మధ్య చిన్న ఖాళీలతో, మొదలుపెట్టి మధ్యకు వచ్చేసరికి పెద్దవి చేశారు. ఆ కళ్ళలోంచి వెనకాల గోడ కనిపిస్తోంది. నేను వేసిన కొల్లేట్లో నీళ్ళు లేవు. ఆవిడ అల్లిన చోట, నీళ్ళు ఉండాల్సిన చోట, ఏమీ లేకపోవడం కనిపించింది. ముప్ఫై ఏళ్ళలో నా చేతి కింద తయారైన మంచి బొమ్మ అదొక్కటే, అందులో మంచి భాగం నాది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తెలిసి చేసిన పని ఇక చెబుతాను.

ఎంట్రీ ఫారంలో చిత్రకారుడి పేరుకు ఒకటే గడి ఉంది. ఇద్దరు కలిసి చేసినదైతే హెడ్మాస్టరు సంతకంతో వేరే కాయితం జతచెయ్యాలని, ఫారం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఏలూరు ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. ఆ రోజు హెడ్మాస్టరు సెలవు. మర్నాడు మళ్ళీ రావచ్చు, గడువు ఇంకా ఉంది. ఏలూరు బస్సు ఎక్కితే గంటన్నర పని. నేను ఆ గడిలో నా పేరు రాసి ఇచ్చి వచ్చేశాను. ఫారం మీద నెపం వేసి చాలాకాలం నన్ను నేను సమాధానపరచుకున్నాను. నిజానికి ఆ గడిలో నా పేరు ఒక్కటే చూసుకోవాలన్న ఆశ, అంతే.

ప్రదర్శన రోజు భూలక్ష్మి గారు కొత్త చీర కట్టుకుని వచ్చారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు మిగతా బొమ్మల ముందు నిమిషం నిలబడి, మా దాని ముందు ఆగిపోయారు. వాళ్ళలో పెద్దాయన కంత దగ్గరకు వంగి, ఈ వల పని ఎవరు చేశారని నన్నడిగారు. ఆవిడ నాకు రెండడుగుల వెనక ఉన్నారు.

"నాదేనండీ. మా బడివాళ్ళు కాస్త సాయం పట్టారండీ" అన్నాను.

వెనక్కి తిరిగి చూడలేదు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత పిల్లల కోసం నేనే రాసి పెట్టాను, మా బడి గోడ మీద. మొదటి బహుమతి వచ్చింది. శాలువా కప్పారు. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఆడవాళ్ళ సీట్లలో ముందు కూర్చున్నారు. దిగేటప్పుడు "సంతోషమండీ మాస్టారూ" అని వెళ్ళిపోయారు.

ఏప్రిల్ ఆఖర్లో లిస్టు వచ్చింది. పక్క స్కూలు ఆవిడను ఉంచారు. ఆవిడకు జిల్లా ముగ్గుల పోటీలో సర్టిఫికెట్టు ఉంది. భూలక్ష్మి గారి ఫైల్లో ఏమీ లేదు. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ బొమ్మ ఇద్దరిదీ అని ఉత్తరం రాసి ఏలూరు ఆఫీసుకు పట్టుకెళ్ళాను. ఫలితాలు ప్రకటించాక పేర్లు చేర్చే వీలు లేదన్నారు. పైగా న్యాయనిర్ణేతలకు నాదేనని చెప్పింది మీరే కదా అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ ఉత్తరం నకలు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద వల బాగుచేస్తున్నారు. కుర్చీ వేయించారు, మజ్జిగ ఇచ్చారు. నేను రాసినదంతా చదివి వినిపించాను. చేతిలో పని ఆపకుండా విన్నారు.

"ఏలూర్లో ఆయన అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నానండీ. ఈ కాయితంలో రాసిందే అప్పుడు నోటితో అంటే సరిపోయేదండీ" అన్నారు. ఒక ముడి బిగించి, "ఇంకోటి చెయ్యమంటే ఎలాగండీ మీకు? ముడి వెయ్యడం రాదు కదండీ" అన్నారు.

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. మజ్జిగ తాగి లేచి వచ్చాను.

ఆవిడ అన్నట్టే ఆ ఏడు చివర ఒక ఆఫీసు వాళ్ళు అలాంటిదే ఇంకోటి చేసిమ్మన్నారు. భూలక్ష్మి గారిని మళ్ళీ అడిగే మొహం లేదు. సంతలో వల కొని జిగురుతో అతికించాను. వారానికే ఊడింది. తీసుకెళ్ళమని కబురు చేశారు.

ఆవిడ మళ్ళీ ఏ బడిలోనూ చేరలేదు. నేను పూర్తి పెన్షన్‌తో రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇద్దరు కలిసి బొమ్మ వేస్తుంటే, మొదటి రోజే, కాన్వాసు తెల్లగా ఉన్నప్పుడే, దాని వెనక ఇద్దరి పేర్లూ రాసేయండి. పని బాగా కుదిరాక, పదిమంది మెచ్చుకునే వేళకు, రెండో పేరు రాయడానికి చెయ్యి రాదు. నాకు రాలేదు.