కుదపకూడని ట్యూబు

ఇది మూడేళ్ల కిందటి మాట. అప్పుడే రాసుకోవాల్సింది, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక, మధ్యాహ్నం భోజనాల వేళ ఒక నర్సు నేర్పితే ఇప్పుడు రాస్తున్నాను.

విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నేను ఆయాను. వార్డులో తీసిన రక్తం ట్యూబులు కింద ల్యాబుకి చేర్చడం నా పని. ఆ ఏడు ల్యాబు డాక్టరమ్మ వెసికిల్స్ మీద పరిశోధన చేస్తోంది. ఒంట్లో కాపలా కాసే కణాలు కంటికి ఆనని బుడగలు వదులుతాయట. అవే వెసికిల్స్. వాటిలో కబురు ఉంటుంది. ఇంకో కణం దాన్ని అందుకుని ఆ ప్రకారం నడుచుకుంటుంది. కీళ్లవాతంలో ఆ కబుర్లు తప్పుదారి పట్టి, కాపలా కణాలు సొంత కీళ్ల మీదే పడతాయని ఆమె చెప్పింది.

మా వార్డులో ఉన్న నీలమ్మది ఆ జబ్బే. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషి. మర్నాడు మధ్యాహ్నం ఆమెకి కొత్త మందు మొదలుపెడతారు, అది పడితే కబుర్లు మారిపోతాయి కాబట్టి ఆలోపే పరిశోధనకి రక్తం తీయాలి. నర్సుకి నాలుగో పోటుకి గానీ నరం దొరకలేదు. ఆమె కళ్లు మూసుకుంది, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ట్యూబు పెట్టెకి ఏదో కాగితం అంటించి ఉంది. అదేమిటని నేను అడగలేదు. గడ్డకట్టకుండా ట్యూబుని తిప్పి కలపడం మాకు అలవాటు. మంచిదే కదా అని మెట్లన్నీ దిగేదాకా ఆడిస్తూనే తెచ్చాను.

నేను ఆడిస్తూ రావడం చూసి డాక్టరమ్మ కూర్చుండిపోయింది. "కుదిపితే ప్లేట్‌లెట్స్ వాటంతటవే బుడగలు వదిలేస్తాయి. రక్తం గడ్డకట్టించే కణాలవి. ఇక ఏది జబ్బు కబురో, ఏది నీ కుదుపో ఎలా తెలుస్తుంది?"

రక్తం మళ్లీ తీయాలని నీలమ్మకి నేనే చెప్తానన్నాను.

"మల్లీ పొడుస్తారేటి?"

"నా తప్పేనమ్మా. కాగితం మీద కుదపొద్దని రాసున్నాదట. నాకు సదువు రాదు. ఇష్టం నేకపోతే ఒద్దని సెప్పీయొచ్చు."

"నాకూ రాదు. నాకిచ్చినా అలాగే ఆడించీదాన్ని," అని నవ్వింది. మళ్లీ తనే, "పొడిసినోల్లే కదా నాకాడికి వస్తన్నారు. ఇంకెవులొస్తారు? పొడవమను. నువ్వొచ్చి కూకోవాల," అంది.

ఆ మంచం పక్క స్టూలు మీద ఎవరూ కూర్చోగా చూడలేదు. తుడిచినప్పుడల్లా పక్కకి జరిపేది నేనే. ఇంటికెళ్తే నాకూ మాట్లాడే మనిషి లేదు.

తెలియనిది అడగడానికి నేను సిగ్గుపడితే ఆ పోటు ఇంకొకరి చేతికి పడుతుందని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి గంట ముందే వెళ్లాను. కాగితంలో ప్రతి మాటా నర్సుచేత చదివించుకున్నాను. వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, నీలమ్మ మోచేతికి చుట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని, నరం పైకి తేలేదాకా కూర్చున్నాను.