ఓబులేసు సార్, రాళ్ల క్లబ్, నేను

నిన్న పొద్దున ఏడో తరగతికి భిన్నాలు చెప్తున్నాను. ఫోన్ ఆగకుండా వణుకుతోంది. టీచర్ల గ్రూప్ కదా, ఎప్పుడూ ఏదో ఒక గోల అనుకుని పట్టించుకోలేదు.

బెల్ కొట్టాక చూస్తే, మా డ్రాయింగ్ సార్ ఓబులేసు గారు ఇక లేరని మెసేజ్.

హార్ట్ ఎటాక్ అంట. వాకింగ్‌కి పోయొచ్చి కుర్చీలో కూర్చున్నారంట. అంతే.

మొన్న సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో నా డబ్బాలో బొరుగులు తిన్న మనిషి.

గ్రూప్‌లో అందరూ దండం బొమ్మలు పెడుతున్నారు. నేనూ పెట్టబోయి ఆగాను. అంత సులువుగా తప్పించుకునే హక్కు నాకు లేదు.

ఆళ్లగడ్డ బయటి ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. మా బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సార్ ఒక రాళ్ల క్లబ్ నడిపేవారు. శనివారం చివరి రెండు పీరియడ్లు. విగ్రహాలు చెక్కే ఊళ్లో పుట్టి ఉలి పట్టడం రాకపోతే ఎట్లా అనేవారు. శిల్పుల దగ్గర మిగిలిన మెత్తరాయి ముక్కలు అడిగి తెచ్చేవారు. రాతి పెళ్లలు కళ్లలో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోనిదే ఎవర్నీ ఉలి ముట్టనిచ్చేవారు కాదు.

ఆయన మొదటి పాఠం చెక్కడం కాదు, వినడం. రాయిని తట్టాలి. ఖంగున మోగితే మంచి రాయి. డబ్‌మంటే లోపల పగులు ఉన్నట్టు.

నిజం చెప్తున్నా, ఆ క్లబ్ అంటే నాకు మంట. పిల్లలకు ఎక్కాలు రాకుంటే రెండు పీరియడ్లు రాళ్లు కొట్టడానికా అని స్టాఫ్ మీటింగ్‌లో లేచి అడిగింది నేనే. నా నోరు మీకు తెలిసిందే. అదే వారం ఒక పిల్లాడి నాన్న, అంగడాయన, కూడా వచ్చి గొడవ పెట్టుకున్నారు. "రాళ్లు కొట్టేకి పంపిస్తాండామా సార్ మా పిల్లోన్ని బడికి?" అన్నారు.

మూడేళ్ల కిందట హెడ్మాస్టర్ గారు తేల్చేశారు. "నంద్యాలలో జిల్లా పోటీలుండాయి. ప్రైజ్ తెస్తే క్లబ్ ఉంటాది. లేకుంటే ఆ పీరియడ్లు లెక్కల మేడంకి ఇచ్చేస్తా."

లెక్కల మేడం అంటే నేనే.

పోటీకి సార్ ఏడో తరగతి మహబూబిని పెట్టారు. మాటలు తక్కువ, చెవులు చురుకు. మూడు గంటల్లో అక్కడే నంది తల చెక్కాలి. రాయి మనమే తీసుకుపోవాలి. ముందు రోజు సార్‌కి జ్వరం. మా ఇల్లు శిల్పుల వీధి పక్కనే కాబట్టి నాకు ఫోన్ చేశారు.

"మేడం, రాయి ఒగటి తీసకరాండి. కొలత ఎట్లున్యా పర్వాల్యా. తట్టి చూసి, మోగేదే తేండి."

నేను టేప్ పట్టుకుని పోయాను. అడుగు పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, మూలలు చక్కగా ఉన్న రాయి దొరికింది. తట్టలేదు. తట్టి కొనడానికి ఇదేమన్నా పుచ్చకాయా అనుకున్నాను.

మర్నాడు పొద్దున నంద్యాల బస్సులోకి గోనెసంచిలో మోసుకొచ్చి, జ్వరంతోనే వచ్చిన సార్‌కీ మహబూబికీ ఇచ్చి, నేనూ వాళ్లతో పోయాను.

నంద్యాలలో తాడు కట్టి పిల్లల్ని లోపల, టీచర్లను బయట నిలబెట్టారు. పిల్లలతో ఒక్క మాట మాట్లాడినా డిస్‌క్వాలిఫై.

విజిల్ వేశారు. మహబూబి రాయిని తట్టింది.

డబ్.

ఇంకో చోట తట్టింది. డబ్.

తలెత్తి సార్ వైపు చూసింది. సార్ నా వైపు చూశారు.

"తట్టల్యా మేడం?"

లేదని తల ఊపాను. ఆయన మళ్లీ మహబూబి వైపు తిరిగారు.

చుట్టూ అందరూ టకటకా కొడుతున్నారు. మా పిల్ల సుత్తి ముట్టలేదు. పది నిమిషాలు. ఇరవై. రాయిని అటూ ఇటూ తిప్పి తడుతూనే ఉంది. ఏదో ఒకటి కొట్టు తల్లీ అనే మాట గొంతు దాకా వచ్చింది.

సార్ నా వాలకం చూసి తల అడ్డంగా ఊపారు. "రాయిని ఇంటాంది మేడం. ఇననీండి."

అప్పుడు ఉలి నిలబెట్టి ఒకే చోట మూడు దెబ్బలు కొట్టింది. రాయి రెండుగా విడిపోయింది.

నేను కళ్లు మూసుకున్నాను. సార్ మాత్రం పెద్దగా ఊపిరి వదిలారు. "పగులు దొరికింది ఆ పిల్లకి. ఇంక భయం ల్యా."

నంది తలకు ఇక రాయి చాలదు, పెద్ద ముక్కలో తాబేలును చెక్కింది. మళ్లీ విజిల్ వేసేసరికి నాలుగో కాలు సగమే అయింది. జడ్జి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. కానీ పోటీలో అడిగింది నంది తల, చేసింది తాబేలు. ప్రైజ్ రాలేదు.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో హెడ్మాస్టర్ గారు అడిగారు. "పగులు రాయి ఎవరు తెచ్చినారు?"



"నేనే సార్. జరంలో సరిగా చూసుకోల్యా" అన్నారు ఓబులేసు సార్.

ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ రోజు తెరుచుకోలేదు.

ఆ శనివారం నుంచి ఆ రెండు పీరియడ్లు నావి. మూడేళ్లలో సార్ ఆ మాట ఒక్కసారి ఎత్తలేదు. రోజూ అదే నవ్వు, నా డబ్బాలో అవే బొరుగులు.

నిన్న ఆయన ఇంటి దగ్గర మహబూబి కనిపించింది. ఇప్పుడు పదో తరగతి. పక్కన నిలబడి మెల్లగా అంది. "ఆ పొద్దు బస్సులో గోనెసంచి మీరే ఎత్తుకొచ్చినారు మేడం. నాకు తెల్సు. సార్ ఎవురికీ చెప్పొద్దన్నాడు."

అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను.

హెడ్మాస్టర్ సార్, మీరూ ఇది చదువుతారు. ఆ రాయి తెచ్చింది నేను. చెప్పినా వినకుండా తెచ్చింది నేను. టైంటేబుల్లో శనివారం చివరి రెండు పీరియడ్ల దగ్గర నా పేరు కొట్టేసి, రాళ్ల క్లబ్ అని రాయండి. మహబూబి నేర్పిస్తానంది. పిల్లలకు కళ్లద్దాలు పెట్టించే పని నాది.

ఆ అద్దాల కోసం పొద్దున డ్రాయింగ్ రూమ్ బీరువా తెరిచాను. మూడేళ్ల దుమ్ము ఉంటుందనుకున్నాను.

ఒక్కదాని మీద కూడా దుమ్ము లేదు. వారం వారం తుడుస్తూనే ఉన్నారు మనిషి.

ఓబులేసన్నా, బతికుండగా సార్ అనే పిలిచాను. ఇంక నా తప్పు నువ్వు మోయొద్దు. నిమ్మళంగా పడుకో.