పరదాలావిడ చేతివల

ఆ వీధిలో ఆమెను అందరూ పరదాలావిడ అనేవారు. ఎంత వంకర కిటికీకైనా సరే, తిన్నగా వేలాడే పరదా కుట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటి ముందుగదిలో సగానికి పైగా ఆమె కుట్టుమిషను, గుడ్డ తానులు, ఇస్త్రీబల్ల ఆక్రమించుకుని ఉండేవి. మిగిలిన మూలలో భర్త గడియారాలు బాగుచేసుకునేవాడు. వారమంతా ఇద్దరూ తలలు వంచుకుని పనిచేసి, ఆదివారం మాత్రం ఊరి బయట పెద్ద చెరువు దగ్గరికి గాలం తీసుకుని వెళ్లేవారు.

అక్కడి పని పంపకం పెళ్లయిన కొత్తలోనే తేలిపోయింది. గాలం ఆయనది, పిడి ఉన్న చేతివల ఆమెది. ఆయన చేపను అలసిపోయేదాకా ఆడించి గట్టు దగ్గరికి తెస్తే, ఆమె నీళ్లలోకి దిగి, రెండు చేతులా వల పట్టి, చేప కిందికి పోనిచ్చి ఎత్తేది. చేప పడితే పేరు ఆయనది, జారితే తప్పు ఆమెది. జారినప్పుడల్లా వల ఇంకాస్త ముందుకు పెట్టాల్సిందని ఆయన సణిగేవాడు. ఆమె కిమ్మనేది కాదు. ఆదివారం పూట నీళ్ల గాలికి కూర్చోవడమే ఆమెకు కావలసింది.

ఒక ఏడాది వానాకాలంలో ఆయన మేడమెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, రాళ్ల గట్టు మీద నిలదొక్కుకునే కాలు కాదిక అది. ఆదివారాలు కిటికీ పక్కన కూర్చుని, గాలి ఎటునుంచి వీస్తోందో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుండేవాడు. కొన్నాళ్లు చూసి చూసి, ఒక పొద్దున ఆమె గాలపు కర్ర భుజాన వేసుకుంది.

"ఒక్కదానివే వెళ్తావా?" అన్నాడాయన.

"ఇన్నేళ్లూ పక్కనే ఉండి చూశాగా. చెయ్యి తిరక్కపోతుందా?" అని చెప్పులు తొడుక్కుంది.

ఎర వేయడం, బెండు మునిగినప్పుడు కర్ర లాగడం అనుకున్నంత కష్టమేమీ కాలేదు. మధ్యాహ్నం కావస్తుండగా మంచి చేపే తగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి దగ్గరికి తెచ్చేదాకా అంతా బాగానే ఉంది. అప్పుడు చూసుకుంటే వల వెనకాల సంచికి ఆనించి ఉంది. కర్ర వదలకుండా వెనక్కి జరిగి, ఎడమచేత్తో దాన్ని అందుకునేసరికి దారం సడలింది. కంగారుగా బిగించింది. వల పిడి పొట్టిది, వంగినా అందలేదు. అందీ అందక చేప మొహం మీదికే వలను పొడిచింది. చేప బెదిరి గిర్రున తిరిగింది. వల అంచు తగిలి దారం పుటుక్కున తెగింది.

చేతికందింది నోటికందలేదు. ఆమె రాయి మీద కూలబడి చాలాసేపు నీళ్లకేసి చూసింది. చేప పోయినందుకు కాదు ఆమె బాధ. తనకు బాగా వచ్చనుకున్న పని తనకు సగమే వచ్చు. అదీ, ఇంకొకరు కర్ర పట్టుకుని ఉంటేనే.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. పాత పాటే వినాల్సి వస్తుందని అనుకుంటే, ఆయన గడియారం పక్కన పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"వల సంగతి నన్నడక్కు. నేనెప్పుడైనా పట్టానా?" అన్నాడు. మళ్లీ గడియారం చేతిలోకి తీసుకుంటూ, "ఇన్నేళ్లూ ఊరికే నోరు పారేసుకున్నాను" అన్నాడు.

ఆ రోజు ఆయన కంచంలో అడక్కుండానే ఇంకో ముద్ద పడింది.

మరుసటి వారం గాలం సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టతను తన దగ్గరున్నవాటిలో మేలైన చేతివల తీశాడు: లోతైన సంచి, మందమైన చట్రం, దిట్టమైన పిడి. ఆమె దాన్ని పిడి చివర పట్టుకుని ఎడమచెయ్యి చాచింది. నాలుగు ఊపిరులు తీసేలోపే మణికట్టు వాలిపోయింది.

"రెండు చేతులున్నవాళ్లకి బాగుంటుంది బాబూ. చేప తగిలాక నాకు మిగిలేది ఒక్క చెయ్యే" అంది.

అతను నవ్వి, మడత వల చూపించాడు. ఆమె కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచేత్తోనే దాన్ని విప్పబోయింది. కీలు దగ్గర ఇరుక్కుంది. పక్కన పెట్టేసింది. దారంతో అల్లినదాన్ని వేళ్లతో తడిమి, గాలం ముల్లు ఈ ముడుల్లో చిక్కుకుంటే విప్పుకోవడానికే పొద్దుపోతుందని దాన్నీ వద్దంది. ఆ మధ్యాహ్నం బల్ల నిండా వలలే. అతనికి విసుగు రాలేదు సరికదా, తనే లోపలికి వెళ్లి ఇంకో రెండు వెతికి తెచ్చాడు. చివరికి నచ్చింది చూడటానికి ఏమంత గొప్పగా లేదు. తేలికపాటి చట్రం, వెడల్పు నోరు, రబ్బరు వల, ఆమె భుజం దాకా వచ్చే పిడి. చేప బరువుకు బదులుగా దాని తలకు నీళ్ల సీసా కట్టించి, పిడిని మోచేతికి ఆనించి పట్టుకుని మరీ చూసుకుంది.

వెళ్లబోతుంటే కొట్టతను ఒక మాట చెప్పాడు. "చేప పడ్డాక గరిటె ఎత్తినట్టు పైకి ఎత్తకండమ్మా, పిడి విరుగుతుంది. నీళ్లలోనే మీ వైపు లాక్కోండి."

అది ఆమెకు తెలియని సంగతి. రెండు చేతులతో ఎత్తినన్నాళ్లూ ఆ అవసరమే పడలేదు.

అప్పటినుంచి వాళ్లింట్లో సాయంత్రాలు వింతగా గడిచాయి. పరదాల ముక్కలు మూటకట్టి గాలం దారానికి తగిలించింది. మూటకు ఇంకో తాడు కట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని ఆ మూటను బల్ల కిందికీ గుమ్మం పక్కకీ లాగుతుంటే, ఆమె కుడిచేత్తో కర్ర, ఎడమచేత్తో వల పట్టుకుని గదంతా తిరిగేది. మొదట్లో వలతో మూటను తరిమింది. తరిమినకొద్దీ అది తప్పించుకుంది. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. తర్వాత్తర్వాత వలను నేలకు ఆనించి కదలకుండా ఉంచి, కర్రను భుజం మీదుగా వెనక్కి వాల్చి మూటనే వల మీదికి రప్పించడం పట్టుబడింది.

ఒకరోజు ఆమె చెల్లెలు తలుపు తోసుకుని వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏమైందక్కా మీ ఇద్దరికీ?"

"మీ బావ చేపయ్యారు. దారానికి అడ్డం రాకు" అంది అక్క, కళ్లు తిప్పకుండా.

మళ్లీ చెరువుకు వెళ్లినప్పుడు గాలం వెయ్యకముందే వలను తడిపి, పిడి తనవైపు ఉండేలా ఎడమపక్కన పెట్టుకుంది. కొన్ని ఆదివారాలు చిన్న చేపలే పడ్డాయి. వాటితోనే చెయ్యి కుదురుకుంది.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున బెండు ఒక్కసారిగా మాయమైంది. కర్ర విల్లులా వంగింది. చేప లోతుకు పోయి అక్కడే బండలా బిగుసుకుంది. ఆమె తొందరపడలేదు. అది లాగితే రీలు నుంచి దారం వదిలింది, అది ఆగితే చుట్టింది. భుజం గుంజేసింది. చాలాసేపటికి అది దగ్గరికొచ్చి పక్కకు తిరిగినప్పుడు కనబడింది. ఆయన పట్టినవాటిలో కూడా అంత పెద్దది లేదు.

వల నీళ్లలో ముంచింది. దాన్ని చూడగానే చేప మళ్లీ పరుగు తీసింది. వెంటబడి ఎత్తేయమని ఎడమచెయ్యి గోల పెట్టింది. ఆమె పళ్లబిగువున ఆపుకుని వలను అక్కడే ఉంచింది. చేప మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈసారి తిరిగొచ్చేసరికి దాని తల నీటిపైకి తేలి, ఒళ్లు ఒక పక్కకు వాలింది. ఆమె కర్రను భుజం వెనక్కి వాల్చి ఒక అడుగు వెనక్కి వేసింది. చేప తనంతట తనే వచ్చినట్టు అంచు దాటి వల మీదికి జారింది. పిడి ఎత్తింది, చేప సంచిలో పడేంత మేరకే. కర్రను చంకలో ఇరికించి, రెండు చేతులా పిడిని కొద్దికొద్దిగా లాక్కుంటూ వచ్చింది. చేప ఆమె కాళ్ల దగ్గర రాళ్ల మీదికి చేరింది.

చుట్టూ ఎవరూ లేరు. చప్పట్లు లేవు, సలహాలు లేవు. ఆమె అలాగే చతికిలబడి, ఒంటరిగా, గట్టిగా, మనసారా నవ్వింది.

ఇంట్లో ఆయన చేపను ముందు జానలు పెట్టి కొలిచాడు. తర్వాత ప్రతి మలుపూ చెప్పమన్నాడు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. చెల్లెలి ఇంటికీ, ఎదురింటికీ, కొట్టతనికీ ముక్కలు వెళ్లాయి. కర్ర ముట్టుకోకుండా ఇంత చేపను ఇంటికి రప్పించుకున్నది ఈ ఊళ్లో నేనొక్కణ్నేనని ఆయన వచ్చినవాళ్లందరితో చెప్పుకున్నాడు.

మర్నాటికి ఆమె ఎడమ మణికట్టు వాచింది. కత్తెర పట్టింది గానీ గుడ్డ జరపడానికి ఆ చెయ్యి సహకరించలేదు. ఒక హోటలుకు ఇవ్వాల్సిన పరదాలు అనుకున్న రోజుకు అందలేదు. కుట్టుపని చేపట్టాక ఆమె మాట తప్పడం అదే మొదలు. మేనేజరు వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని మర్యాదగా అడిగాడు.

"లేదండీ. చేప పడింది" అంది.

అతను ఎంత చేప అని అడిగాడు. ఆమె వాచిన చెయ్యీ మంచి చెయ్యీ చాచి చూపించింది. నమ్మాడో లేదో గానీ, కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ ఎర వేశారని అడిగాడు.